పిల్లల బొమ్మల పుస్తకం: కథ దొరికిన రోజు నుంచి డమ్మీ (నమూనా పుస్తకం) కుట్టే రోజు దాకా

బొమ్మల పుస్తకం రాయాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది ఒకటే: “ఐడియా ఎక్కడ దొరుకుతుంది?” చెన్నైలో, పెరంబూరులోని మా వీధిలో ఆదివారాలు తెలుగు పిల్లలకు పుస్తకాలు చదివి వినిపిస్తుంటాను. ఆ పిల్లల మధ్య కూర్చున్న అనుభవంతో చెబుతున్నాను, ఐడియాలకు ఎప్పుడూ కరువు లేదు. కథలు సగంలో ఆగిపోయేది వివరాలు తేల్చుకోకపోవడం వల్ల. “ఒక పువ్వు” అని రాస్తారు, ఏ పువ్వో అనుకోరు. “ఎండాకాలం” అని రాస్తారు, ఆ నెలలో ఆ పువ్వు పూస్తుందో లేదో చూడరు. వివరం సరిగ్గా తేలితే, ఆపైన కథలో ఏం జరగాలో అదే చెబుతుంది. నేను రాసుకున్న ఒక కథకు ముగింపు అలాగే దొరికింది. ఆ కథనే ఉదాహరణగా పెట్టుకుని మొదటి నుంచి చెబుతాను.

ముందుగా: బొమ్మల పుస్తకం అంటే ఏమిటి

మనలో చాలామంది చందమామ చదివి పెరిగినవాళ్లం. 1947 జూలైలో ఈ మద్రాసు నుంచే అది తెలుగులోనూ తమిళంలోనూ మొదలైంది. అందులో ప్రతి కథకూ బొమ్మ ఉండేది, ఆ బొమ్మలంటే ఇప్పటికీ మనకు ప్రాణం. కానీ బొమ్మ తీసేసినా అక్కడ కథ అర్థమవుతుంది. బొమ్మల పుస్తకం వేరు. ఇందులో కథ సగం మాటల్లో ఉంటుంది, సగం బొమ్మలో ఉంటుంది. మాటలు మాత్రమే చదివితే ఏదో తక్కువైనట్టు ఉండాలి. ఈ తేడా మనసులో పెట్టుకోకుండా రాస్తే వచ్చేది పత్రికకు పనికొచ్చే చిన్న కథ, బొమ్మల పుస్తకం కాదు.

రాసే ముందు ఒక యాభై బొమ్మల పుస్తకాలైనా చదవండి. కొనక్కర్లేదు. కోట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో పిల్లలకు ప్రత్యేక విభాగం ఉంది, ఒక పూటంతా అక్కడ కూర్చోవచ్చు. ప్రథమ్ బుక్స్ అనే బెంగళూరు సంస్థ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఫోన్‌లోనే ఉచితంగా దొరుకుతాయి. చదివేటప్పుడు ఒక పని చేయండి: మాటల మీద చెయ్యి పెట్టి బొమ్మలు మాత్రమే చూడండి, తర్వాత బొమ్మ మీద చెయ్యి పెట్టి మాటలు మాత్రమే చదవండి. ఏది ఎవరి వంతో తెలిసిపోతుంది.

మొదటి అడుగు: ప్రశ్నల నోట్‌బుక్

చేతిలో పట్టే చిన్న నోట్‌బుక్ ఒకటి పెట్టుకోండి. అందులో కథలు రాయకండి. పిల్లలు అడిగిన ప్రశ్నలు, వాళ్లు చేసిన పనులు, మీరు ఆగి చూసిన వస్తువులు, అంతే. తేదీ, చోటు తప్పకుండా వేయండి. పిల్లలు అన్న మాట అన్నట్టే రాయండి, మీరు సరిదిద్దకండి. “వాన ఎక్కడ పడుకుంటుంది?” అని ఒక పిల్లాడు అడిగితే, “వర్షం ఆగిపోయాక నీరు ఎక్కడికి వెళుతుందని అడిగాడు” అని రాసుకుంటే అందులో ఉన్న కథ పోయింది.

చెన్నైలో వినడానికి మంచి చోట్లు చాలా ఉన్నాయి. లోకల్ ట్రైన్‌లో కిటికీ పక్క సీటు కోసం పిల్లలు చేసే బేరాలు వినండి. సాయంత్రం పానగల్ పార్కులో తాతలూ మనవళ్లూ మాట్లాడుకునేవి వినండి, టి.నగర్‌లో మన తెలుగు చెవిన పడుతూనే ఉంటుంది. గిండీ పిల్లల పార్కులో కంచె అవతలి కృష్ణజింకను చూస్తూ పిల్లలు ఏమంటున్నారో వినండి. పిల్లల్ని పిలిచి అడగొద్దు, ఇంటర్వ్యూ చేయొద్దు. పెద్దవాళ్లు గమనిస్తున్నారని తెలిస్తే పిల్లలు పెద్దవాళ్లకు నచ్చే మాటలు మాట్లాడతారు.

మీ చిన్నతనం కూడా ఒక చోటే. అయితే “మా ఊరి జ్ఞాపకాలు” అని మొదలుపెడితే అది పెద్దవాళ్ల పుస్తకం అవుతుంది. మీకు ఆరేళ్లప్పుడు భయం వేసిన ఒక్క నిమిషం, సిగ్గేసిన ఒక్క నిమిషం, కావాలని మారాం చేసిన ఒక్క వస్తువు, అలా వెతకండి.

నా నోట్‌బుక్‌లో ఒక ఏప్రిల్ నెల పేజీలో ఇలా ఉంది: “నీళ్ల లారీ దగ్గర. ఎదురింటి పాప ఫోన్‌లో అమ్మమ్మతో: ‘మీ ఊరి నీళ్లే మాకు వస్తాయంట కదా, మరి నాకేమైనా పంపొచ్చుగా?’” ఆ కుటుంబానిది నెల్లూరు వైపు. పాపకు ఎవరో చెప్పి ఉంటారు. నిజమే కదా. కృష్ణా నీళ్లు శ్రీశైలం నుంచి సోమశిలకు, అక్కడి నుంచి కండలేరుకు వచ్చి, కాలువలో ఊత్తుకోట్టై దాటి పూండి జలాశయం చేరతాయి. 1983లో రెండు రాష్ట్రాలు ఒప్పందం చేసుకుంటే 1996లో మొదటిసారి నీళ్లు తమిళనాడులోకి వచ్చాయి. మనకు అది తెలుగుగంగ. ఆ పాపకు మాత్రం అమ్మమ్మ ఇంటి నుంచి తన వీధి దాకా ఉన్న తడి దారి.

రెండో అడుగు: విషయాన్నీ కథనూ విడదీయడం

“నీటి విలువ” విషయం. “తెలుగుగంగ” కూడా విషయమే. ఆ రెండింటితో పాఠం రాయొచ్చు, బొమ్మల పుస్తకం రాయలేం. కథ కావాలంటే ఒక పిల్లో పిల్లాడో ఏదో ఒకటి గట్టిగా కోరుకోవాలి. ఆ కోరిక బొమ్మలో కనబడేదై ఉండాలి. నా కథలో ఆ పాపకు చిట్టి అని పేరు పెట్టాను. “చిట్టికి అమ్మమ్మ అంటే బెంగ” అన్నది కనబడదు. “అమ్మమ్మ కాలువలో వేసిన పువ్వు తన బిందెలోకి రావాలని చిట్టి ఎదురుచూస్తోంది” అన్నది కనబడుతుంది.

ఇంకో ఉదాహరణ. జనవరి నుంచి మార్చి దాకా చెన్నై తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. విద్యార్థుల బృందం ఒకటి 1988 నుంచి రాత్రుళ్లు నీలాంకరై వైపు నుంచి బెసెంట్ నగర్ దాకా ఇసుకలో నడిచి ఆ గుడ్లను కాపాడుతోంది. ఈ సంగతి వినగానే “తాబేళ్ల మీద పుస్తకం రాస్తాను” అంటారు. అది విషయం. పిల్ల తాబేళ్లు గుడ్డులోంచి రాగానే వెలుతురు ఎటుంటే అటు పాకుతాయి, ఒడ్డున దీపాలుంటే దారి తప్పి రోడ్డు వైపు వస్తాయి. ఒడ్డున ఇల్లున్న పిల్లాడికి చీకటంటే భయం అనుకోండి. తాబేళ్ల కోసం వాడు తన గదిలో దీపం ఆర్పాలి. ఇప్పుడు అది కథ. కోరికా ఉంది, అడ్డమూ ఉంది, రెండూ బొమ్మలో కనబడతాయి.

నేను చేసే పరీక్ష సులువు. కాగితం మీద పన్నెండు గళ్లు గీసి, మాట రాయకుండా ఒక్కో గడిలో ఒక్కో బొమ్మ వేయడానికి ప్రయత్నిస్తాను. నాకు బొమ్మలు రావు, పుల్లల్లాంటి మనుషులు చాలు. గళ్లలో ఒకే గది, ఒకే ఇద్దరు మనుషులు మాట్లాడుకుంటూ ఉన్నారంటే ఆ ఆలోచన ఇంకా పండలేదు. దాన్ని పారేయను, పక్కన పెడతాను. తాబేళ్ల కథ నా దగ్గర అలాగే పక్కన ఉంది.

మూడో అడుగు: వివరాలు తేల్చుకోవడం

ఎక్కువ రోజులు పట్టేది ఇక్కడే, పట్టాలి కూడా. రాసేది మూడు వందల మాటలే కావచ్చు, వాటి వెనక తెలుసుకోవాల్సింది ముప్పై పేజీలు ఉంటుంది. నేను ప్రతి కథకూ నాలుగు రకాల వివరాలు వెతుకుతాను: కాలం, చోటు, వస్తువు, మనిషి. వరుసగా చేయను. ఒకటి తేలితే ఇంకోటి కదులుతుంది.

కాలంతోనే మొదలైంది. నేను మొదటిసారి రాసినప్పుడు అమ్మమ్మ కాలువలో చామంతి వేసింది. పసుపు పచ్చగా ఉంటుంది, నీళ్ల మీద బాగా కనబడుతుంది అనుకున్నాను. మా వీధి చివర పూలమ్మే అక్కకు కథ చెబితే ఆమె వెంటనే అడిగింది: “బిందెల లైను ఎండల్లో కదా? ఎండల్లో పెరట్లో చామంతి ఎక్కడ పూస్తుందమ్మా?” బజారులో దొరకొచ్చు, కానీ కథలో అమ్మమ్మ పెరట్లోంచి కోయాలి. మల్లె ఎండాకాలంలో పూస్తుంది, కానీ చిన్నది, తెల్లది, ఎగిసే నీళ్ల మీద బొమ్మలో కనబడదు. మందారం ఏడాది పొడుగునా పూస్తుంది. ఎర్రగా, చేయంత ఉంటుంది. పేజీ అంతా దుమ్ము రంగులోనూ నీలంలోనూ ఉన్నా ఒక్క ఎర్ర చుక్క కంటికి తగులుతుంది. మందారమే అనుకున్నాను.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. మందారం ఒక్క రోజు పువ్వు. పొద్దున విచ్చుకుంటే సాయంత్రానికి ముడుచుకుంటుంది. కండలేరు నుంచి రాష్ట్ర సరిహద్దు దాకా కాలువ 152 కిలోమీటర్లు, అక్కడి నుంచి పూండికి మరో 25. నీళ్లు రావడానికే కొన్ని రోజులు పడుతుంది. ఆపైన పుళల్ చెరువు, నీళ్లు శుభ్రం చేసే చోటు, పైపులు, లారీ. ఆ పువ్వు ఎట్టి పరిస్థితుల్లోనూ చిట్టి బిందెలోకి రాదు. పుస్తకంలో అది వచ్చేసినట్టు రాయొచ్చు, పిల్లలు నమ్ముతారు కూడా. కానీ నాకు మనసొప్పలేదు. నీళ్లు వచ్చే దారి నిజం, దాని మీద అబద్ధం పెడితే ఆ నిజం కూడా చెడిపోతుంది.

రెండు వారాలు ఆ కథ అక్కడే ఆగింది. ఆ తర్వాత మళ్లీ పువ్వు దగ్గరికే వెళ్లాను. మందారం గురించి ఇంకేం తెలుసు? దానికి విత్తనం వేయరు. కొమ్మ తెచ్చి గుచ్చితే బతుకుతుంది. ముగింపు దొరికింది! పువ్వు రాదు, అమ్మమ్మ వస్తుంది. తడి గుడ్డ చుట్టిన మందారం కొమ్మ చేతిలో పట్టుకుని బస్సు దిగుతుంది. చిట్టీ అమ్మమ్మా దాన్ని చిల్లు పడిన నీలం బిందెలో నాటుతారు. దానికి పోసే నీళ్లు అమ్మమ్మ ఊరి దారిలో వచ్చినవే. చామంతితో ఆగిపోయి ఉంటే నాకీ ముగింపు తట్టేది కాదు.

చోటు విషయంలో చెప్పేది ఒకటే, వెళ్లి చూడండి, కూర్చుని చూడండి. నీళ్ల లారీ దగ్గర నేను మూడడుగుల ఎత్తున, మెట్టు మీద కూర్చుని చూశాను. నిలబడి చూస్తే నాకు కనబడింది జనం. కూర్చుంటే కనబడినవి చీర అంచులు, బిందెల మెడలు, లారీ టైరు, పైపు చివర కట్టిన గుడ్డ, కాళ్ల మధ్య దూరుతున్న కుక్క. చిట్టి చూసేది అదే. ఎప్పుడూ చూసే వీధే అయినా ఆ రోజు నాకు కొత్తగా కనబడింది. ఫోటోలు తీసుకోండి, అయితే మనుషుల ముఖాలు కాకుండా వస్తువులు తీయండి. బొమ్మలు వేసేవాళ్లకు అవే పనికొస్తాయి.

వస్తువుల దగ్గర బరువూ కొలతా చూడాలి. 10, 12 లీటర్లు పట్టే నిండు బిందె అంటే 10, 12 కిలోలు. ఆరేళ్ల పిల్ల దాన్ని నడుముకు ఎత్తుకుని నడిచినట్టు బొమ్మ వేస్తే, ఇంట్లో నీళ్లు మోసే ప్రతి పిల్లకూ అది అబద్ధమని తెలుస్తుంది. చిట్టి చేతికి చెంబు ఇచ్చాను. ఖాళీ బిందె మాత్రం తనే మోస్తుంది, చిట్టికి ఆ బిందె అంటే గొప్ప. మా వీధి లైనులో ఎవరి బిందె ఎవరిదో రంగును బట్టి, మెడకు కట్టిన తాడును బట్టి గుర్తుపడతారు. చిట్టిది నీలం బిందె, ఎర్ర రిబ్బన్.

ఇంకొన్ని వివరాలు కథలో రాయం, కానీ తెలిసి ఉండాలి. 2019 ఎండాకాలంలో నగరానికి నీళ్లిచ్చే నాలుగు జలాశయాలూ దాదాపు ఎండిపోయాయి. నా కథ ఆ ఏడాదిది కాకూడదు, ఎందుకంటే కాలువలో నీళ్లు పారుతుంటేనే పువ్వు వేయగలరు. ఇంకోటి: కాలువ గట్టు మీంచి వంగి పువ్వు వేసినట్టు రాస్తే పిల్లలు అలా చేస్తారు. అమ్మమ్మను పిట్టగోడ ఉన్న వంతెన మీద నిలబెట్టాను. పిల్లల పుస్తకంలో ఈ జాగ్రత్త మనదే.

జంతువులు, మొక్కలు ఉంటే తెలిసినవాళ్లను అడగకుండా రాయకండి. తాబేళ్ల బొమ్మల్లో తల్లి తాబేలు పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని సముద్రంలోకి తీసుకెళ్లడం ఎన్నిసార్లు చూశానో. తల్లి గుడ్లు పెట్టి ఇసుక కప్పి ఆ రాత్రే వెళ్లిపోతుంది. గుడ్లు పొదగడానికి సుమారు నెలన్నర పైన పడుతుంది. తల్లి పిల్లల్ని చూడనే చూడదు. అదెంత పెద్ద కథో చూడండి!

నాలుగో అడుగు: మనుషుల మాట

అమ్మమ్మది నెల్లూరు వైపు, చిట్టి చెన్నైలో పుట్టింది. ఇద్దరిదీ ఒకే తెలుగు కాదు. అమ్మమ్మ “ఏంది తల్లీ, అన్నం తిన్నావా?” అంటుంది. చిట్టి వీధిలో ‘కుడం’ అంటుంది, ఇంట్లో ‘బిందె’ అంటుంది. లారీ వస్తే వీధంతా ‘తణ్ణి లారీ’ అని అరుస్తుంది. ఈ మాటలన్నీ తీసేసి పుస్తకాల తెలుగులోకి దిద్దితే చిట్టి ఎక్కడి పిల్లో తెలియదు. అన్నీ ఉంచితే గుంటూరులో చదివే పిల్లకు అర్థం కాదు. నేను ఒక్క తమిళ మాట ఉంచాను, అది కూడా అరుపులో. బొమ్మలో లారీ ఉంటుంది కాబట్టి అర్థం చెప్పక్కర్లేదు.

చదవడం నేర్చుకుంటున్న పిల్లల కోసం రాస్తే వత్తుల సంగతి చూసుకోవాలి. ‘అమ్మ’, ‘పువ్వు’, ‘అక్క’ లాంటివి పిల్లలకు భయం లేదు, అదే అక్షరానికి అదే వత్తు. ‘నిర్లక్ష్యం’, ‘స్వచ్ఛమైన’ లాంటి మాటల దగ్గర వేలు ఆగిపోతుంది. స్టోరీవీవర్‌లో మొదటి స్థాయి పుస్తకాలు 250 మాటల లోపు, రెండో స్థాయివి 250 నుంచి 600 దాకా ఉంటాయి. మీ కథ ఏ వయసుకో ముందే అనుకుంటే మాటల ఎంపిక సగం తేలిపోతుంది. పెద్దవాళ్లు చదివి వినిపించే పుస్తకమైతే కొంచెం కష్టమైన మాట ఉన్నా పరవాలేదు, చెవికి ఇంపుగా ఉంటే పిల్లలు దాన్ని పట్టుకుంటారు.

మళ్లీ మళ్లీ వచ్చే మాట ఒకటి పెట్టుకోండి. నా కథలో లారీ వచ్చిన ప్రతిసారీ చిట్టి బిందెలోకి తొంగి చూసి అడుగుతుంది: “వచ్చిందా?” నీళ్లు అంటాయి: “బుడుబుడుబుడు.” మూడోసారికి వినే పిల్లలే ఆ జవాబు చెప్పేస్తారు.

ఐదో అడుగు: పేజీలుగా విడగొట్టడం

ఎ4 కాగితాలు ఎనిమిది తీసుకుని మధ్యకు మడిచి ఒకదాంట్లో ఒకటి పెట్టి మధ్యలో కుట్టండి. 32 పేజీల డమ్మీ తయారైంది. ఒక్కో కాగితం నాలుగు పేజీలు అవుతుంది కాబట్టి ఇలా కుట్టే పుస్తకం ఎప్పుడూ నాలుగు గుణిజాల్లోనే ఉంటుంది. ప్రెస్సులో పెద్ద కాగితాన్ని మడిచి 8 గానో 16 గానో పేజీలు తీస్తారు. అందుకే బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 16, 24, 32 పేజీల్లో వస్తాయి. పేరు పేజీ, ప్రచురణ వివరాలు పోగా 32 పేజీల్లో కథకు మిగిలేది పన్నెండు నుంచి పద్నాలుగు స్ప్రెడ్‌లు. స్ప్రెడ్ అంటే పుస్తకం తెరిస్తే ఎదురెదురుగా కనబడే రెండు పేజీలు.

పుస్తకంలో కుడి పేజీ చివర ఉన్న మాట చాలా ముఖ్యం. అక్కడ ప్రశ్న గానీ, ఆగిపోయిన పని గానీ ఉంటే పిల్లల చెయ్యి దానంతట అదే పేజీ తిప్పుతుంది. జవాబు తిప్పాక ఉండాలి, ఎదుటి పేజీలో ఉంటే ముందే కనబడిపోతుంది. నా మొదటి డమ్మీలో బస్సు దిగుతున్న అమ్మమ్మ కుడి పేజీలో ఉంది. ఎడమ పేజీలో చిట్టి ఇంకా ఎదురుచూస్తోంది. చదివేలోపే పిల్లలు “అమ్మమ్మ వచ్చేసింది!” అన్నారు. అమ్మమ్మను తర్వాతి స్ప్రెడ్‌లోకి జరిపి, ఈ కుడి పేజీలో బస్సు తలుపు, మెట్టు మీద ఒక్క చెప్పు మాత్రం పెట్టాను.

ఇంకో మాట. అన్ని స్ప్రెడ్‌లకూ సమానంగా మాటలు పంచకండి. ఒక చోట నలభై మాటలు ఉండొచ్చు, ఇంకో చోట ఒక్క మాట కూడా అక్కర్లేదు. చిట్టి కథలో చివరి పేజీకి మాటలు లేవు. బాల్కనీ, నీలం బిందె, ఎర్ర పువ్వు.

ఆరో అడుగు: మాటలు తీసేయడం

డమ్మీలో కథ రాశాక ప్రతి వాక్యం దగ్గరా అడగండి: ఇది బొమ్మలో కనబడుతుందా? “చిట్టి ఎర్ర రిబ్బన్ కట్టిన నీలం బిందె పట్టుకుని ఎండలో పరుగెత్తింది” అని రాశాను. రిబ్బన్, రంగు, ఎండ అన్నీ బొమ్మ చూపిస్తుంది. “చిట్టి పరుగెత్తింది” మిగిలింది. చివరికి “లారీ!” అన్న ఒక్క మాట మిగిలింది. చప్పుడు, వాసన, మనసులో మాట, గడిచిన కాలం, ఇవి బొమ్మలో కష్టం కాబట్టి మాటలకు వదలండి. రాసింది తీసేస్తుంటే బాధగా ఉంటుంది, నాకు ఇప్పటికీ ఉంటుంది. తీసేసిన వాక్యాలన్నీ వేరే కాగితంలో దాచండి, బొమ్మలు వేసేవాళ్లకు అవి వివరాలుగా పనికొస్తాయి.

మాట ఒకటి చెబుతుంటే బొమ్మ ఇంకోటి చూపించడం ఈ రకం పుస్తకంలో మాత్రమే కుదిరే సుఖం. మాటల్లో చిట్టి అంటుంది: “పువ్వు బయల్దేరింది. పువ్వు వస్తోంది.” బొమ్మలో కాలువ పక్క గడ్డికి తగులుకున్న మందారాన్ని ఒక మేక నములుతూ ఉంటుంది. చిట్టికి తెలియనిది చదివే పిల్లలకు తెలుసు. అప్పటి నుంచి వాళ్లు చిట్టి కోసం ఊపిరి బిగబట్టి చూస్తారు. ఇలాంటి చోట మాత్రం బొమ్మలు వేసేవాళ్లకు ఒక్క లైను సూచన రాయండి: “పువ్వును మేక తినేసింది.” మిగతా పేజీల్లో చిట్టి జడలు ఎన్ని, గోడ ఏ రంగు అని చెప్పకండి. వాళ్లు కూడా కథ చెప్పేవాళ్లే, వాళ్ల వంతు వాళ్లకు వదలాలి.

ఏడో అడుగు: పిల్లల ముందు చదవడం

మీ సొంత పిల్లలకు కాకుండా వేరే పిల్లలకు చదవండి. సొంత పిల్లలు మీ ముఖం చూసి మెచ్చుకుంటారు. పుల్లల మనుషులున్న డమ్మీతోనే చదవొచ్చు. “బాగుందా?” అని అడగొద్దు, అందరూ బాగుందనే అంటారు. ఎక్కడ కదిలారో, ఎక్కడ కిటికీ బయటికి చూశారో, ఏ పేజీ వెనక్కి తిప్పమన్నారో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. మర్నాడు ఆ పిల్లల్లో ఒకరిని “నిన్నటి కథ మీ తమ్ముడికి చెప్పు” అనండి. వాళ్లు వదిలేసిన భాగం బహుశా మీ పుస్తకానికి అక్కర్లేదు. వాళ్లు కలిపిన భాగం ఉంటే మరీ జాగ్రత్తగా వినండి. మేక పువ్వు తిన్నాక “మేకకు కడుపునొప్పి వచ్చింది” అని ఒక బాబు కలిపాడు. వాడికి ఆ మేక మీద అంత కోపం వచ్చింది.

ఎనిమిదో అడుగు: పంపించడం

చెన్నైలోనే బొమ్మల పుస్తకాలకు పేరున్న ప్రచురణ సంస్థలు ఉన్నాయి. తూలిక 1996 నుంచి పిల్లల పుస్తకాలు వేస్తోంది, తెలుగుతో సహా తొమ్మిది భాషల్లో. ఒకే పుస్తకంలో ఇంగ్లీషూ తెలుగూ పక్కపక్కన ఉండే ద్విభాషా పుస్తకాలు కూడా వేస్తుంది, చెన్నై తెలుగు ఇళ్లకు అవి బాగా పనికొస్తాయి. తారా బుక్స్ 1994లో మొదలైంది, చేత్తో చేసిన కాగితం మీద స్క్రీన్ ప్రింట్ చేసే పుస్తకాలకు ప్రసిద్ధి. తిరువాన్మియూరులో వాళ్ల బుక్ బిల్డింగ్ ఉంది. వాళ్ల పుస్తకాలు చేత్తో పట్టుకుని చూస్తే కాగితం కూడా కథలో భాగమని తెలుస్తుంది. సికింద్రాబాద్‌లో మంచి పుస్తకం తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తోంది. ఎవరికి పంపినా ముందు వాళ్ల సూచనలు చదవండి, వాళ్ల పుస్తకాలు కనీసం పది చదవండి. స్టోరీవీవర్‌లో అయితే మీరే కథ పెట్టొచ్చు, వేరే భాష కథను తెలుగులోకి తేవచ్చు. అక్కడి కథలు ఓపెన్ లైసెన్స్‌తో ఉంటాయి, అంటే ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు. అది మీకు సమ్మతమేనా అని ముందే ఆలోచించుకోండి.

పంపేటప్పుడు డమ్మీ పంపక్కర్లేదు. స్ప్రెడ్ అంకెలు వేసి టైపు చేసిన కథ, తప్పనిసరి అయిన బొమ్మ సూచనలు, ఏ వయసువాళ్లకో ఒక లైను, అంతే. బొమ్మలు వేసేవాళ్లను మీరు వెతకాల్సిన పనిలేదు, చాలాచోట్ల ఆ పని ప్రచురణకర్తలే చూసుకుంటారు. జవాబుకు నెలలు పట్టొచ్చు. రోజూ మెయిల్ చూసుకుంటూ టెన్షన్ పడేకంటే నోట్‌బుక్ తీయండి. చిట్టి కథ చదివిన ఆదివారం, అందరూ వెళ్లిపోయాక ఒక పాప గుమ్మం దగ్గర ఆగి అడిగింది: “లారీ అందరికీ నీళ్లిస్తుంది కదా, మరి దానికి దాహమేస్తే?” తేదీ వేసి రాసుకున్నాను.